లాప్రోస్కోపీలో గజ్జ హెర్నియాకు వేసిన మెష్ ఏళ్లు గడిచాక ఎలా ఉంటుంది?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీకు 46 ఏళ్లు, కుడి గజ్జలో హెర్నియా ఉంది, లాప్రోస్కోపీలో, అంటే చిన్న కోతల్లోంచి కెమెరాతో చూస్తూ, మెష్ అనే వల వేయించుకోమని సర్జన్ చెప్పారు. మీది బరువులెత్తే పని. మీ నాన్నగారికి మెష్ లేకుండా కుట్లు మాత్రమే వేస్తే కొన్నేళ్లకు మళ్లీ వచ్చింది. మెష్ గురించి ఎక్కడెక్కడో చదివి టెన్షన్ పడుతున్నారు. ఆపరేషన్ రోజు సంగతి అందరూ చెబుతున్నారు, పదేళ్లకు, ఇరవై ఏళ్లకు ఏమవుతుందో ఎవరూ చెప్పడం లేదని అడిగారు.

నేను హెర్నియా ఆపరేషన్లు చేసే సర్జన్‌ని. చేసినవాళ్లను ఏళ్ల తరబడి చూస్తూ వస్తున్నాను, వేరేచోట చేయించుకుని ఇబ్బందితో వచ్చేవాళ్లనూ చూస్తాను. ముందు ఒక్కమాటలో జవాబు చెప్పి తర్వాత వివరాల్లోకి వెళతాను. సరిగ్గా చేసిన లాప్రోస్కోపీ మెష్ ఆపరేషన్ తర్వాత ఎక్కువమంది కొన్ని నెలలకే ఆ సంగతి మర్చిపోతారు, ఆ తర్వాత కూడా ఏమీ కాదు. ఇబ్బంది పడేవాళ్లలో ఎక్కువమందిది హెర్నియా తిరిగి రావడం కాదు, తగ్గని నొప్పి. ఈ రెండూ మెష్ కంపెనీ మీద కన్నా, చేసే చేతి మీద, మెష్ సైజు మీద, అసలు ఆపరేషన్ ఎందుకు చేస్తున్నారన్న దాని మీద ఎక్కువ ఆధారపడతాయి.

మెష్ ఎక్కడ పెడతారో తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. గజ్జలో పొట్టగోడకు పుట్టుకతోనే ఒక బలహీనమైన ప్రాంతం ఉంటుంది. ఫ్రెంచ్ సర్జన్ ఫ్రూషో 1956లో దాన్ని మొత్తంగా ఒకే ద్వారంలా చూడాలని చెప్పారు. వృషణానికి వెళ్లే నాళాలు బయటికొచ్చే దారి, దాని పక్కన పలచని గోడ, కింద తొడలోకి రక్తనాళాలు దిగే సందు, ఈ మూడూ ఆ ద్వారంలోనే ఉన్నాయి. హెర్నియా ఈ మూడింట్లో ఎక్కడినుంచైనా రావచ్చు. ముందు నుంచి కోసి చేసే ఆపరేషన్‌లో మెష్‌ను పొట్టగోడ బయటివైపు పరుస్తారు. లాప్రోస్కోపీలో గోడకు లోపలివైపు, పేగులను కప్పి ఉంచే పొరకూ కండరానికీ మధ్య పరుస్తారు. టైరుకు లోపలి నుంచి వేసిన ప్యాచ్‌ను గాలి ఒత్తిడే గోడకు అదిమి పట్టినట్టు, దగ్గినా బరువెత్తినా పొట్టలో పుట్టే ఒత్తిడి ఈ మెష్‌ను గోడకే నొక్కుతుంది. ఒకే మెష్ మూడు సందులనూ కప్పుతుంది. ఈ పద్ధతికి ఉన్న అసలు బలం ఇదే. చిన్న కోతలు, త్వరగా ఇంటికి వెళ్లడం అనేవి ఆ తర్వాతి లాభాలు.

టెప్, ట్యాప్ అని రెండు పేర్లు వినే ఉంటారు. టెప్‌లో పొట్ట లోపలికి వెళ్లకుండా గోడ పొరల మధ్యనే చోటు చేసుకుంటారు. ట్యాప్‌లో పొట్టలోకి వెళ్లి, పొరను తెరిచి, మెష్ పెట్టి, మళ్లీ పొరను కుడతారు. దీర్ఘకాలంలో రెండింటి ఫలితాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. మీ సర్జన్‌కు ఏది బాగా అలవాటో అదే మీకు మంచిది. ఈ విషయంలో మీరు ఎక్కువ ఆలోచించాల్సిన పనిలేదు.

ఇప్పుడు తిరిగి రావడం గురించి. మీ నాన్నగారి అనుభవం మిమ్మల్ని భయపెట్టడం సహజం. కానీ ఆయనకు జరిగింది వేరే ఆపరేషన్. కుట్లతో బలహీనమైన కండరాన్ని లాగి కట్టినప్పుడు ఆ కట్టు బిగువుగా ఉంటుంది, రోజురోజుకూ ఆ బిగువే కుట్లను కోసుకుంటూ పోతుంది. మెష్ వేస్తే లాగాల్సిన అవసరమే లేదు. కుటుంబంలో ఒకరికి ఉంటే మిగతావారికి వచ్చే అవకాశం కొంత ఎక్కువన్నది నిజమే. కణజాలంలో ఉండే కొల్లాజెన్ నాణ్యతలో తేడాలే దానికి ఒక కారణం. కుట్లతో కట్టిన కట్టు నిలవాలంటే ఆ కణజాలం గట్టిగా ఉండాలి. మెష్‌కు ఆ అవసరం చాలా తక్కువ. అంటే మీలాంటి కుటుంబ చరిత్ర ఉన్నవాళ్లకు మెష్ వేయించుకోవడానికి అదొక అదనపు కారణమే అవుతుంది.

అంకెలు చూద్దాం, అయితే వాటిని చదివే పద్ధతి తెలియాలి. 2004లో అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో జరిగిన పెద్ద పరిశోధన ఫలితాలు వచ్చాయి. అందులో సుమారు రెండు వేల మంది పురుషులు ఉన్నారు. రెండేళ్లకు లాప్రోస్కోపీలో 10.1 శాతం మందికి, ముందు నుంచి కోసి మెష్ వేసినవాళ్లలో 4.9 శాతం మందికి హెర్నియా తిరిగి వచ్చింది. ఈ ఒక్క అంకె చూసి లాప్రోస్కోపీ పనికిరాదని అప్పట్లో చాలామంది అన్నారు. అదే పరిశోధనలో ఇంకో విషయం ఉంది. 250కి పైగా లాప్రోస్కోపీ హెర్నియాలు చేసిన సర్జన్ల దగ్గర ఆ పది శాతం సుమారు సగానికి పడిపోయింది. అంటే తప్పు ఆ పద్ధతిలో లేదు, అది నేర్చుకునే దారి చాలా పొడవు.

స్వీడన్‌లో సుమారు 1,500 మంది పురుషులతో చేసిన పరిశోధన ఇదే విషయాన్ని ఇంకా స్పష్టంగా చూపిస్తుంది. ఐదేళ్లకు టెప్‌లో 3.5 శాతం, ముందు నుంచి మెష్ వేసే లిక్టెన్‌స్టైన్ పద్ధతిలో 1.2 శాతం మందికి తిరిగి వచ్చింది. కానీ టెప్‌లో తిరిగి వచ్చినవాటిలో మూడోవంతు ఒకే ఒక్క సర్జన్ చేసినవి. ఆ ఒక్కరిని పక్కన పెట్టి లెక్కిస్తే 2.4 శాతానికి తగ్గి, రెండు పద్ధతుల మధ్య నమ్మదగ్గ తేడా మిగల్లేదు. నా దగ్గరికి వచ్చేవాళ్లకు నేను తరచూ చెప్పే ఉదాహరణ ఇదే. మీరు ఎంచుకోవాల్సింది ముందు మనిషిని, పద్ధతిని ఆ తర్వాత. 2018లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా నైపుణ్యం ఉన్నచోట పురుషులకు లాప్రోస్కోపీని సిఫార్సు చేశాయి. ఆ 'నైపుణ్యం ఉన్నచోట' అన్న షరతును తీసేసి చదవకూడదు. ఈ ఆపరేషన్‌లో చేయి కుదరడానికి 50 నుంచి 100 కేసులు పడతాయన్నది సర్జన్లందరూ ఒప్పుకునే మాట.

లాప్రోస్కోపీ తర్వాత తిరిగి వచ్చేవాటిలో చాలావరకు మొదటి ఒకటి రెండేళ్లలోనే బయటపడతాయి. ఎందుకంటే అవి మెష్ అరిగిపోయి వచ్చినవి కావు, మొదటిరోజే మిగిలిపోయిన లోపాలు. మెష్ చిన్నదై అంచు చాలకపోవడం, కిందివైపు పొరను సరిపడా విడదీయకపోవడంతో, ఆపరేషన్ కోసం లోపల నింపిన గాలి తీసేసేటప్పుడు మెష్ మడతపడటం, నాళాల పక్కనున్న కొవ్వు ముద్దను లాగకుండా వదిలేయడం, పెద్ద రంధ్రం ఉన్నచోట మెష్‌ను అతికించకపోవడం, ఇలాంటివి. గజ్జకు వాడే మెష్ కనీసం 10 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల పొడవు ఉండాలి. శరీరంలో మచ్చ ఏర్పడేటప్పుడు మెష్ కొంచెం ముడుచుకుంటుంది, ఆ ముడుచుకోవడాన్ని కూడా లెక్కలో పెట్టుకున్న సైజు అది. చిన్న మెష్ వేస్తే శరీరంలో తక్కువ ప్లాస్టిక్ ఉంటుందని కొందరు రోగులు సంతోషిస్తారు. నాకు మాత్రం అది వింటే భయమేస్తుంది.

తేలిక మెష్, బరువు మెష్ అన్న విషయం కూడా ఇక్కడే చెప్పాలి. తేలికపాటి మెష్ అయితే నొప్పి తక్కువ ఉంటుందని చాలాకాలం అనుకున్నాం. నెదర్లాండ్స్‌లో టెప్ చేసినవాళ్లను ఐదేళ్లు గమనించి చూస్తే తేలిక మెష్ వేసినవాళ్లలో 3.8 శాతానికి, మామూలు మెష్ వేసినవాళ్లలో 1.1 శాతానికి హెర్నియా తిరిగి వచ్చింది. పోనీ నొప్పి అయినా తగ్గిందా అంటే అదీ లేదు. ముందు నుంచి చేసే ఆపరేషన్‌లో తేలిక మెష్‌కు కొంత అర్థం ఉండొచ్చు, లాప్రోస్కోపీలో మాత్రం నేను దాన్ని కోరుకోను, ముఖ్యంగా పెద్ద డైరెక్ట్ హెర్నియాలో, అంటే పైన చెప్పిన పలచని గోడలోంచి నేరుగా వచ్చేదానిలో. ఖరీదైన మెష్ అని చెబితే మంచిదనుకోకండి. ఎందుకు ఆ మెష్ అని అడగండి.

అంకెల గురించి ఒక హెచ్చరిక కూడా ఉంది. స్వీడన్‌లో 1992 నుంచి, డెన్మార్క్‌లో 1998 నుంచి దేశం మొత్తం హెర్నియా ఆపరేషన్ల రిజిస్టర్ నడుస్తోంది. మనకు దీర్ఘకాల ఫలితాలు తెలియడానికి అవి చేసిన మేలు అంతా ఇంతా కాదు. కానీ అవి లెక్కించేది మళ్లీ ఆపరేషన్ అయినవాళ్లను. మళ్లీ వాపు వచ్చినా, నొప్పి లేదు కదా అని ఊరుకున్నవాళ్లు ఆ లెక్కలోకి రారు. అందుకని రిజిస్టర్ చెప్పే అంకె కన్నా అసలు సంఖ్య ఎప్పుడూ కొంత ఎక్కువే ఉంటుంది. ఎవరైనా ‘నా దగ్గర ఒక్కటి కూడా తిరిగి రాలేదు’ అంటే, ఎంతమందిని ఎన్నేళ్లు వెంటాడి చూశారని అడగాలి.

ఒకవేళ తిరిగి వచ్చినా దారి మూసుకుపోదు. లాప్రోస్కోపీ తర్వాత వస్తే రెండోసారి ముందు నుంచి చేస్తారు. అక్కడ ఇంతవరకు కత్తి పడలేదు కాబట్టి మచ్చలు ఉండవు. ముందు నుంచి చేసిన తర్వాత వస్తే లాప్రోస్కోపీలో వెనక నుంచి చేస్తారు. మీ నాన్నగారికి రెండోసారి చేయాల్సి వస్తే వెనక నుంచి చేయడానికి ఆయన మంచి అభ్యర్థి, మత్తు తట్టుకునే ఆరోగ్యం ఉంటే.

నొప్పి గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడాలి. సర్జన్లు దీని గురించి మాట్లాడటానికి ఇష్టపడరు, రోగులకు ఇదే ముఖ్యం. మూడు నెలలు దాటినా రోజువారీ పనులకు అడ్డం వచ్చేంత నొప్పి ఉంటే దాన్ని దీర్ఘకాల నొప్పి అంటాం. గజ్జ హెర్నియా ఆపరేషన్లన్నీ కలిపి చూస్తే 10 నుంచి 12 శాతం మందిలో ఏదో ఒక స్థాయిలో ఇది ఉంటుందని, ఉద్యోగానికీ జీవితానికీ నిజంగా అడ్డుపడే నొప్పి అరశాతం నుంచి 6 శాతం వరకు ఉంటుందని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇది చిన్న అంకె కాదు. ప్రపంచంలో ఏటా రెండు కోట్లకు పైగా గజ్జ హెర్నియా ఆపరేషన్లు జరుగుతున్నాయి. అందులో ఒక్క శాతమన్నా ఎంతమందో మీరే లెక్కవేసుకోండి.

లాప్రోస్కోపీకి ఇక్కడ స్పష్టమైన మెరుగుదల ఉంది. పైన చెప్పిన స్వీడన్ పరిశోధనలోనే ఐదేళ్లకు ఏదో ఒక నొప్పి ఉందన్నవాళ్లు టెప్‌లో 9.4 శాతం, లిక్టెన్‌స్టైన్‌లో 18.8 శాతం. ఒక మోస్తరు నుంచి తీవ్రమైన నొప్పి వరకు ఉన్నవాళ్లు 1.9 శాతం, 3.5 శాతం. తిరిగి వచ్చేదాంట్లో వెనకబడిన పద్ధతి నొప్పిలో సగానికి సగం మెరుగ్గా ఉంది. బరువులెత్తే మనిషికి ఈ రెండో అంకె ఎక్కువ విలువైనదని నేను అనుకుంటాను. హెర్నియా తిరిగి వస్తే మళ్లీ చేయొచ్చు. నరం నొప్పి పట్టుకుంటే దానికి అంత సూటి వైద్యం లేదు.

తేడా ఎందుకంటే, ముందు నుంచి చేసేటప్పుడు మూడు నరాలు సరిగ్గా కోత దారిలోనే ఉంటాయి. వాటిని చూసి కాపాడినా మెష్ పక్కనే ఉంటుంది. వెనక నుంచి చేసేటప్పుడు వాటిలో రెండు అసలు తగలవు. అయితే వెనకవైపు వేరే నరాలు ఉన్నాయి. తొడ పక్కకు వెళ్లేది, గజ్జ నుంచి వృషణం వైపు వెళ్లేది, ఇవి మెష్ బయటి మూల కిందుగా వెళతాయి. మెష్‌ను అతికించడానికి అక్కడ స్క్రూ లాంటి ట్యాకర్లు కొడితే నరంలో దిగొచ్చు. తొడ పక్కన మంట, మొద్దుబారడం అలా మొదలవుతాయి. ఆ మూలలో ట్యాకర్ కొట్టకూడదని సర్జన్లకు మొదట్లోనే నేర్పుతారు. చిన్న, మధ్యస్థ హెర్నియాల్లో మెష్‌ను అసలు అతికించాల్సిన అవసరమే లేదని ఇప్పుడు తేలింది. పెద్ద డైరెక్ట్ హెర్నియాలో అతికించాలి, అప్పుడైనా సరైన చోట, వీలైతే జిగురుతో.

ఎవరికి నొప్పి మిగిలే అవకాశం ఎక్కువ? వయసు తక్కువున్నవాళ్లకు, ఆడవాళ్లకు, ఆపరేషన్‌కు ముందే నొప్పి బాగా ఉన్నవాళ్లకు, శరీరంలో వేరేచోట కూడా దీర్ఘకాల నొప్పులున్నవాళ్లకు, ఆపరేషన్ అయిన మొదటి రోజుల్లో తీవ్రమైన నొప్పి వచ్చినవాళ్లకు, రెండోసారి చేయించుకునేవాళ్లకు. ఇందులో అన్నిటికన్నా నన్ను కలవరపెట్టే కోవ ఇంకొకటి ఉంది. గజ్జలో నొప్పి ఉంటుంది, చేతికి వాపు తగలదు, అల్ట్రాసౌండ్‌లో మాత్రం చిన్న హెర్నియా ఉందని రిపోర్టు వస్తుంది, దానికి మెష్ వేసేస్తారు. ఆ నొప్పి చాలాసార్లు తుంటి కీలుది, తొడ కండరం పట్టినది, నడుము నరానిది అయి ఉంటుంది. ఆపరేషన్ తర్వాత కూడా అలాగే ఉంటుంది, ఇక జీవితాంతం ఆ నింద మెష్ మీద పడుతుంది. మీకు వాపు కంటికి కనిపిస్తోంది, పడుకుంటే లోపలికి వెళ్తోంది అన్నారు కాబట్టి మీ సంగతి వేరు. ఇది చదివే మిగతావాళ్ల కోసం రాస్తున్నాను. వాపు లేని నొప్పికి తొందరపడి ఆపరేషన్‌కు ఒప్పుకోవద్దు.

నొప్పి మిగిలినా కాలం గడిచేకొద్దీ చాలామందిలో తగ్గుతుంది. మూడు నెలల్లో ఉన్నవాళ్లలో చాలామందికి ఏడాదికి ఉండదు, ఇంకొంతమందికి రెండు మూడేళ్లలో తగ్గుతుంది. అందుకే మొదటి ఏడాదిలో మెష్ తీయించుకోవాలని పరుగెత్తడం మంచిది కాదు, ఇన్ఫెక్షన్, తిరిగి వచ్చిన హెర్నియా, ట్యాకర్ నరంలో దిగడం లాంటి స్పష్టమైన కారణం ఉంటే తప్ప. ముందు మందులు, నరానికి ఇంజెక్షన్, నొప్పి వైద్యుల సాయం. ఇవన్నీ అయ్యాక కూడా మిగిలితే నరాలు కత్తిరించే ఆపరేషన్, మెష్ తీసే ఆపరేషన్ ఉన్నాయి. వెనక నుంచి పెట్టిన మెష్ తొడకు వెళ్లే పెద్ద రక్తనాళాల మీద, మూత్రాశయం పక్కన అతుక్కుని ఉంటుంది. దాన్ని తీయడం పెట్టడం కన్నా ఎన్నో రెట్లు కష్టం. అది అరుదుగా చేసే పని, అందులో అనుభవం ఉన్న కొద్దిమంది దగ్గరే చేయించుకోవాలి.

ఇక మెష్ మీద మీ భయం. ప్లాస్టిక్ లోపల కుళ్లిపోతుందా, విషమవుతుందా అని అడిగారు. హెర్నియాకు వాడే మెష్ ఎక్కువగా పాలీప్రొపిలీన్ దారంతో అల్లినది. అమెరికా సర్జన్ ఫ్రాన్సిస్ అషర్ 1950ల చివర్లో ప్లాస్టిక్ మెష్ వాడకం మొదలుపెట్టారు. పాలీప్రొపిలీన్ 1960ల నుంచి శరీరంలో ఉంటూనే ఉంది. గుండె, రక్తనాళాల ఆపరేషన్లలో శాశ్వతంగా ఉంచే కుట్ల దారం కూడా ఇదే పదార్థం. మెష్ పెట్టాక కొన్ని వారాల్లో శరీరం దాని కన్నాల గుండా కణజాలం పెంచి తనలో కలుపుకుంటుంది. ఆ తర్వాత అది కదిలే వస్తువు కాదు. ఇన్ని దశాబ్దాల్లో మనుషుల్లో మెష్ వల్ల క్యాన్సర్ వస్తుందని తేలలేదు. లాప్రోస్కోపీలో పెట్టిన మెష్‌కు చీము పట్టడం చాలా అరుదు. మెష్ అంచు మూత్రాశయంలోకో పేగులోకో కోసుకుని వెళ్లిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి, ఏళ్ల తర్వాత బయటపడినవి కూడా. అబద్ధమని అనను. ఒక్కొక్క కేసుగా రాసుకునేంత అరుదని మాత్రం చెబుతాను. ట్యాప్‌లో పొరను సరిగా మూయకపోతే పేగు మెష్‌కు అతుక్కునే ప్రమాదం ఉంటుంది, అందుకే ఆ పొర కుట్టడం అంత జాగ్రత్తగా చేస్తాం. ఎంఆర్ఐ స్కాన్‌కు ఈ మెష్ అడ్డు కాదు.

మీరు చదివిన కోర్టు కేసుల వార్తల్లో పెద్ద భాగం ఆడవాళ్లకు గర్భసంచి, మూత్రాశయం జారితే యోని గుండా పెట్టిన మెష్‌కు సంబంధించినవి. గర్భసంచి, మూత్రాశయం జారడానికి అలా పెట్టే మెష్ అమ్మకాన్ని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019లో ఆపించింది. ఆ స్త్రీల బాధ నిజమైనది. కానీ అది వేరే చోటు, వేరే కణజాలం, వేరే దారి. హెర్నియా మెష్‌లో కూడా కొన్ని రకాలపై కేసులు నడిచాయి, వాటిలో చాలావి పొట్ట ముందువైపు హెర్నియాకు వాడినవి. గజ్జలో వెనకవైపు పెట్టిన మామూలు పాలీప్రొపిలీన్ మెష్‌ను వాటితో కలిపి చూడకూడదు.

మెష్ అసలు వద్దనుకుంటే దారి ఉందా? ఉంది. కెనడాలో మొదలైన షోల్డైస్ పద్ధతి, మెష్ లేనివాటిలో అన్నిటికన్నా మంచిది. అదే పనిగా చేసే సర్జన్ల చేతుల్లో ఫలితాలు చాలా బాగుంటాయి. అదే ఆపరేషన్‌ను ఎప్పుడో ఒకసారి చేసేవాళ్ల దగ్గర అలా ఉండదు. అన్నీ తెలుసుకుని కూడా మెష్ వద్దనేవాళ్లను నేను బలవంతపెట్టను, ఆ పద్ధతి బాగా వచ్చిన మనిషి దగ్గరికి పంపుతాను.

పిల్లల గురించి, సంసార జీవితం గురించి మీరు అడగలేదు, చాలామంది అడగలేక ఊరుకుంటారు. రెండువైపులా మెష్ వేసినా పురుషుల సంతానశక్తి చెప్పుకోదగ్గంత తగ్గినట్టు పెద్ద అధ్యయనాల్లో కనిపించలేదు. వీర్యం బయటికి వచ్చేటప్పుడు గజ్జలో నొప్పి కొద్దిమందికి ఉంటుంది, ఎక్కువమందిలో క్రమంగా తగ్గుతుంది. హెర్నియా వల్లే సంసారంలో ఇబ్బంది పడుతున్నవాళ్లకు ఆపరేషన్ తర్వాత మెరుగవడమే ఎక్కువ.

ఇప్పుడే చేయించుకోవాలా, ఆగొచ్చా? ఇబ్బంది లేని, లేదా చాలా తక్కువ ఉన్న పురుషులు ఆగితే ప్రమాదమా అని అమెరికాలో పరిశోధించారు. 2006లో వచ్చిన ఫలితాల ప్రకారం హెర్నియా ఇరుక్కుని ఎమర్జెన్సీ అవడం వెయ్యి మందిని ఒక ఏడాది చూస్తే సుమారు ఇద్దరిలో. అంటే ఆగడం వల్ల ప్రాణభయం లేదు. కానీ ఆ ఆగినవాళ్లలోనే పదేళ్లు తిరిగేసరికి సుమారు 68 శాతం మంది ఆపరేషన్‌కు వచ్చేశారు, ఎక్కువగా నొప్పితో. మీకు బరువెత్తినప్పుడల్లా లాగుతోంది, సాయంత్రానికి వాపు పెరుగుతోంది అన్నారు. మీరు ఆ ఇబ్బంది లేనివాళ్ల కోవలోకి రారు. మీ స్థానంలో ఉంటే నేను చేయించుకుంటాను. ఈ ఆగే సలహా ఆడవాళ్లకు వర్తించదు. వాళ్లలో తొడ దగ్గర వచ్చే ఫెమోరల్ హెర్నియా ఎక్కువ, అది ఇరుక్కుపోయే ప్రమాదమూ ఎక్కువ. ముందు నుంచి చూస్తే అది కనిపించకుండా పోవచ్చు కూడా. అందుకే ఆడవాళ్లకు త్వరగా, వీలైతే లాప్రోస్కోపీలోనే చేయాలి.

పని సంగతి. ఆపరేషన్ అయ్యాక ఆరు నెలలు బరువెత్తకూడదని ఇప్పటికీ చాలామంది చెబుతారు. దానికి ఆధారం లేదు. నొప్పి అనుమతించినంతవరకు మూడు నుంచి ఐదు రోజుల్లోనే మామూలు పనులు మొదలుపెట్టొచ్చని మార్గదర్శకాలు చెబుతున్నాయి. భారీ బరువులకు నేను కొన్ని వారాలు ఆగమంటాను, అది మెష్ జారుతుందని కాదు, నొప్పి ఉండగానే బలవంతంగా ఎత్తితే కోలుకోవడం ఆలస్యమవుతుందని. ఆ తర్వాత జీవితాంతం బరువులు మానేయాల్సిన పనిలేదు. పొగతాగే అలవాటుంటే మాత్రం ఇప్పుడే మానండి. అది కణజాలాన్నీ దెబ్బతీస్తుంది, దగ్గునూ తెస్తుంది. మొదటి వారాల్లో గజ్జలో మెత్తని ఉబ్బు కనిపిస్తే హెర్నియా తిరిగి వచ్చిందని హడలిపోకండి. ఖాళీ అయిన చోట నీరు చేరుతుంది, ఎక్కువశాతం దానంతటదే ఇంకిపోతుంది, సూదితో తీయించుకోవద్దు.

లాప్రోస్కోపీ అందరికీ తగదు. పూర్తి మత్తు ఇవ్వలేని గుండె, ఊపిరితిత్తుల జబ్బున్నవాళ్లకు ముందు నుంచి, ఆ భాగానికే మత్తు ఇచ్చి చేయడం మేలు. ప్రొస్టేట్ తీసేసినవాళ్లకు, పొత్తికడుపులో రేడియేషన్ అయినవాళ్లకు వెనకవైపు చోటంతా అతుక్కుపోయి ఉంటుంది. రోబో గురించి కూడా అడిగారు. 2020లో వచ్చిన ఒక పరిశోధనలో మామూలు లాప్రోస్కోపీతో పోలిస్తే రోబోతో రోగికి అదనపు లాభం కనిపించలేదు, సమయం, ఖర్చు మాత్రం పెరిగాయి. మీ సర్జన్ రోబోతోనే బాగా చేస్తారంటే అభ్యంతరం లేదు, దానికోసం వెతుక్కుంటూ వెళ్లనక్కర్లేదు.

మీ సర్జన్‌ను కలిసినప్పుడు మొహమాటపడకుండా అడగండి. ఈ ఆపరేషన్ ఏటా ఎన్ని చేస్తారు, చేసినవాళ్లను ఎంతకాలం చూస్తారు, మెష్ ఏ సైజు, ఏ రకం, దేనితో అతికిస్తారు, నొప్పి మిగిలితే ఎవరు చూస్తారు. బాగా చేసేవాళ్లు ఈ ప్రశ్నలకు నొచ్చుకోరు. రెండోవైపు కూడా చిన్న హెర్నియా ఉంటే ఏం చేస్తారో ముందే మాట్లాడుకోండి, ఎందుకంటే అదే కోతల్లోంచి అది కూడా చేసేయొచ్చు, మీ అంగీకారం ముందే ఉండాలి.

ఇంకో పని ఉంది, చాలామంది చేయరు. డిశ్చార్జ్ కాగితం ఒక్కటే కాదు, ఆపరేషన్ నోట్స్ కాపీ, మెష్ ప్యాకెట్ మీద ఉండే స్టిక్కర్ అడిగి తీసుకుని ఫోన్‌లో ఫోటో పెట్టుకోండి. ఇరవై ఏళ్ల తర్వాత ప్రొస్టేట్ క్యాన్సర్‌కు ఆపరేషన్ అవసరమైతే, ఆ సర్జన్ పనిచేయాల్సిన చోటు మెష్ పక్కనే ఉంటుంది. మెష్ ఉన్నా ప్రొస్టేట్ తీయొచ్చు, చేస్తూనే ఉన్నారు, కానీ పని కష్టమవుతుంది, లింఫ్ గ్రంథులు తీయడం మరీను. ఏ పద్ధతిలో, ఏ మెష్, ఎంత సైజులో, ఏ వైపు పెట్టారో ముందే తెలిస్తే ఆయన సిద్ధమై దిగుతారు.